చీనా కుమ్మరుల చేతి గుఱుతులు

ఈ సంవత్సరపు సంచికకు నేదైన నొక వ్యాసము వ్రాయుమని ప్రధానోపాధ్యాయులుగారు నన్ను కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదునా యని కొన్ని దినము లాలోచించితిని. చరిత్ర బోధించువాడను గనుక రాజులను గూర్చియో యుద్ధములను గూర్చియో వ్రాయవచ్చును. కాని రాజుల కథలను మీరు పాఠ్యపుస్తకములలో వలసినంత చదువుచునే యున్నారు. నేను వ్రాయదలచినది కుండలను గూర్చి. అవియు మన దేశపు కుండలు గావు; చీనా దేశమున వేయియేండ్లు మొదలు మూడున్నర వేలయేండ్ల క్రిందటి వఱకు గల కాలములో కాల్చిన పాత్రలు. వానిని గూర్చి నేను చదువ మొదలిడుటకు నొక కారణము గలదు. అది నాకు గౌరవము దెచ్చు కారణము గాదు. అయినను దానిని ముందుగా జెప్పిననే గాని తక్కినది చెప్పుట న్యాయముగా దోచదు.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను విడిచి యుద్యోగమున బ్రవేశించిన తొలి సంవత్సరములలో, చరిత్రతోబాటు ఎనిమిదవ తరగతి చేతిపనుల గంటను గూడ నాకే యప్పగించిరి. పనియందు శుభ్రతయే ప్రధానమని నేను శిక్షణలో నేర్చి వచ్చితిని. క్రొత్తగా నేర్చినవానికి దానియందు నమ్మక మెక్కువ. వార్షిక ప్రదర్శనమునకై పిల్లలందఱిచేతను మట్టితో నేదైన నొక వస్తువును జేయించితిని. ఒకడు మామిడిపండును, ఒకడు ఏనుగును, ఒకడు గుడిసెను జేసెను. కుమ్మరవారి కుఱ్ఱవాడొకడు మాత్రము చిన్న కుండను జేసికొని వచ్చెను. అది యింకను పచ్చిగనే యుండెను. దాని కడుపునిండ అడ్డగీతలు, వాలుగీతలు ఒకదానిపై నొకటి పడి చాప యల్లికవలె గనబడుచుండెను.

"ఏమిరా, ఇది యింత గరుకుగా నున్నదేమి? నునుపు చేయలేదా?" అని యడిగితిని.

"అది చెక్క గుఱుతండి. మా తాత చెక్కతో కొట్టానండి. తుడవకూడదండి," అని వాడు మెల్లగా జెప్పెను.

నేను వినిపించుకొనలేదు. తడిగుడ్డ తెప్పించి, వాని కన్నులయెదుటనే యా గీతల నన్నిటిని నా చేతితో దుడిచి నునుపు చేసితిని. ఇప్పుడెంత యందముగా నున్నదో చూడుమని గూడ నంటిని. వాడేమియు ననలేదు. ప్రదర్శనము నాడు బల్లమీద నా కుండ లేదు. వాడు ముందు దినముననే దానిని దీసికొని పోయెనట. అటుతరువాత వాడు చేతిపనుల గంటలో మట్టి ముట్టలేదు. కాగితము కత్తిరించుటతో గాలము గడపెను. పదవ తరగతి ముగియకమునుపే బడి మానెను. బడి మానుటకు నేనే కారణమని చెప్పజాలను. ఇంటి యిబ్బందులు పెక్కులుండెనని తరువాత వింటిని. కాని మట్టి మానుటకు మాత్రము నేనే కారణమని నాకు దెలియును. ఆనాడు తెలియలేదు.

తెలిసినది పదియేండ్లకు. విద్యార్థులను వెంటబెట్టుకొని హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమును జూడబోయితిమి. అచ్చట చీనా దేశపు వస్తువుల నుంచిన భాగములో లేతపచ్చని పాత్రలు గలవు. చెఱువునీటిలో నాకుల నీడ పడినట్లుండు నా పచ్చదనమును జూచి పిల్లలు కదలరైరి. ఐరోపావా రట్టి పాత్రలకు సెలడన్ అని పేరు పెట్టిరి. మన దేశపు నవాబులు వానిని గోరీ పాత్రలని పిలిచి, విషము గలిసిన యన్నము పెట్టినచో నవి పగులుననియో రంగు మాఱుననియో నమ్మి, మక్కువతో గొని దాచుకొనిరి. ఆ నమ్మకము నిజము గాదు. ఒక బాలిక నన్ను, "మాష్టారూ, ఈ పచ్చరంగు పైన పూసినదా, మట్టిలోనే ఉన్నదా?" యని యడిగెను. నాకు జవాబు తెలియలేదు. తెలిసికొని చెప్పెదనని మాట యిచ్చితిని. ఆ మాట చెల్లించుటకై చీనా పాత్రలను గూర్చిన గ్రంథములను దెప్పించి చదువ మొదలిడితిని.

మొదటి గ్రంథము తెఱవగానే కనబడిన చిత్రమును జూచి నా చేయి యాగినది. అది మూడువేల యేండ్లకు మించిన చీనా జాడి. దాని కడుపునిండ చాప యల్లికవంటి గీతలు. పండితులు వానిని గొప్పగా వర్ణించి, అట్టి గీతలలో నెన్నిరకములు గలవో లెక్కించి వ్రాసియున్నారు. నేను తడిగుడ్డతో దుడిచినవి యా గీతలే.

ముందుగా నీ పాత్రలు మన కుండలకంటె నెట్లు వేఱో చెప్పవలెను. మన కుమ్మరి యావములో కుండ కాలు వేడిమి సామాన్యముగా ఎనిమిదివందలు, తొమ్మిదివందల డిగ్రీలు. ఆ వేడిమికి మట్టి గట్టిపడునే గాని కరగదు. లోపల సన్నని రంధ్రములు మిగులును. కావుననే కుండలోని నీరు చెమర్చి, వేసవిలో చల్లబడును. మన యిండ్లలో ఆవకాయ దాచు జాడి యట్టిది గాదు. నూనె పోసి యేడాది యుంచినను చెమర్చదు. వ్రేలితో గొట్టిన ఖంగున మ్రోగును. దానిని సుమారు 1200 డిగ్రీలలో గాల్తురు. అంత వేడిమిలో మట్టి కొంత కరగి, రేణువు లన్నియు నొకటిగా నదుకుకొని రాయివలె నగును. ఇట్టివానిని రాతిమట్టి పాత్రలని పిలుతము. అన్ని మట్టు లింత వేడిమిని దాళలేవు. మన చెఱువుమట్టి యయినచో కరగి కూలిపోవును. చీనా దక్షిణ భాగమున, ముఖ్యముగా జెజియాంగ్ రాష్ట్రమున, రాళ్లు శిథిలమై యేర్పడిన మట్టి యా వేడిమికి నిలుచును. అందువలన రాతిమట్టి పాత్ర లచ్చట క్రీస్తునకు పదునైదువందల యేండ్లకు పూర్వమే పుట్టినవి.

ఇక నలంకారముల విషయము. మొట్టమొదటి యలంకార మలంకారముగా బుట్టలేదు. అది పనినుండి పుట్టినది. ప్రాచీన చీనా కుమ్మరి పెద్ద జాడిని మట్టిచుట్టలు ఒకదానిపై నొకటి పేర్చి కట్టెడివాడు. చుట్టలకు నడుమ గాలి నిలిచినచో కాల్చునప్పుడు పగులును. కావున లోపల నొక రాయి పట్టుకొని, వెలుపల చెక్కతో గొట్టి, చుట్టలను దట్టముగా నదుమును. నున్నని చెక్క తడిమట్టికి నంటుకొనును. అంటుకొనకుండుటకై చెక్కకు త్రాడు చుట్టుటయో, గాడులు చెక్కుటయో చేసిరి. కొట్టినప్పుడెల్ల నా గాడులు మట్టిపై దిగెను. పాత్ర గట్టిపడుటయు, గీతలు పడుటయు నొక్క దెబ్బలోనే జరిగెను. చీనాలో త్రాటి గుఱుతులు గల కుండలు చాల ప్రాచీనములు. కాలక్రమమున కుమ్మరులు చెక్కమీద చదరములు, చుట్టలు, మెఱుపుతీగలవంటి మెలికలు, గవ్వలవంటి గుఱుతులు చెక్క మొదలిడిరి. దక్షిణ చీనాలో నిట్టి యచ్చుల పాత్రలు వందలకొలది సంవత్సరములు కోట్లకొలదిగా గాక పోయినను, ఊరూరను వాడుకలో నుండెను. పనికై పుట్టిన గుఱుతు కంటికి బ్రియమై, తుద కందమని పేరు పొందినది. "తుడవకూడదండి" యన్న కుఱ్ఱవాని మాటలో నీ చరిత్ర యంతయు నున్నది, నేను వినలేదు.

రెండవ యలంకార మగ్నియే ప్రసాదించినది. కట్టెలతో కాల్చు నావములో బూడిద యెగిరి పాత్రల భుజములమీద పడును. వేడిమి 1200 డిగ్రీలకు జేరినప్పుడు బూడిదలోని సున్నము మట్టిలోని యిసుకను గరగించి గాజుగా మార్చును. ఆవము తెఱచిన కుమ్మరికి పాత్ర భుజములమీద పచ్చని గాజుమఱకలు కనబడెను. ఎవడో యొకడు దీనిని గమనించి, దైవికముగా బడుదానిని తానే యేల పూయరాదని తలచి, బూడిదను మట్టినీటిలో గలిపి పాత్రకు బూసియుండవలెను. షాంగ్ రాజుల కాలమున, సుమారు క్రీ. పూ. 1500 ప్రాంతమున, ఉత్తరమున జెంగ్‌జౌ నగరములో వాడిన కొన్ని జాడీలకు నిట్టి పసుపుపచ్చని గాజుపూత గలదు. దాని క్రింద చెక్కదెబ్బల గీతలు స్పష్టముగా గనబడును. గాడులలో నిలిచిన గాజు దట్టముగను, గట్టులమీది గాజు పలుచగను నుండి, నొక్క రంగే రెండు రంగులుగా దోచును. చీనావారు తరువాత వేయి విధముల మెఱుగుదిద్దిన రహస్య మిదియే: గీత మట్టిలో నుండును, వెలుగు గాజులో నుండును.

బాలిక యడిగిన ప్రశ్నకును జవా బిచ్చటనే దొరకినది. పచ్చరంగు వేఱుగ బూసినది గాదు. మట్టిలోను గాజుపూతలోను నూటికి రెండు మూడు పాళ్లు ఇను ముండును. ఆవములో గాలి చాలినంత యున్నచో నా యినుము పసుపుగనో గోధుమరంగుగనో మాఱును. గాలి తగ్గించి పొగ నిలిపినచో నదియే పచ్చనగును. మన యిటుకలకు నెఱుపు నిచ్చునదియు నినుమే. ఒక్క యినుమే గాలినిబట్టి యెఱుపును పచ్చయు నగుచున్నది.

తరువాతి కాలమున కుమ్మరులు కంచుపాత్రలను జూచి యసూయపడినట్లు కనబడును. కంచు ధనికుల సొత్తు. చనిపోయినవారితో కంచుపాత్రలను బాతిపెట్టుట గొప్ప యింటి వాడుక. అది చేతగానివారికి కుమ్మరి మట్టితో కంచును జేసి యిచ్చెను. కంచుకుండకు నుంగరముల పిడులున్నచో, మట్టికుండకును మట్టి యుంగరములు, వానిని గఱచి పట్టుకొన్న మృగముఖములు అచ్చుపోసి యంటించెను. వూషీ నగరముకడ హొంగ్‌షాన్ అనుచోట ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో త్రవ్విన సమాధులలో రాతిమట్టితో జేసిన గంట లనేకములు దొరకినవి. అవి క్రీ. పూ. ఐదవ శతాబ్దమునాటి యుయే రాజ్యపు పెద్దలవి. ఆ గంటలమీద బుడిపెలు, మెలికలు, పిడులు కంచుగంటల కున్నట్లే యున్నవి. మ్రోగుటకు గాదు, మృతులతో బోవుటకు. వానిని జేసిన కుమ్మరి, తన చేతిపని వెలుగు చూడదని తెలిసియు నొక్క బుడిపెనైన తక్కువ చేయలేదు.

హాన్ రాజుల కాలమున (క్రీ. పూ. 206 - క్రీ. శ. 220) నింకొక పనిముట్టు ప్రాధాన్యమునకు వచ్చెను. అది దువ్వెన. సారెమీద పాత్ర తిరుగుచుండగా దువ్వెనపండ్ల నానించినచో సమానమైన గీతల పట్టీ యేర్పడును. చేతిని మెల్లగా పైకిని క్రిందికిని ఊపినచో నా పట్టీ యలలుగా మాఱును. ఒక్క యూపిరిలో ముగియు పని యది. చేయి వణకినచో దిద్దుకొన వీలు లేదు. ఆకాలపు జాడీల భుజములమీద నిట్టి యలల పట్టీలు, వాని నడుమ సన్నని గట్టులు, ఆకుఈనెల గుఱుతులు నొత్తిన చెవులు కనబడును. గాజు మాత్రము పైనుండి బూడిద పడినంత మేరకే, భుజములమీదను మూతి లోపలను నుండి, క్రింది కడుపు ఎఱ్ఱగా మిగిలిపోవును.

రెండవ శతాబ్దాంతమునాటికి జెజియాంగ్‌లోని షాంగ్‌యూ ప్రాంతపు కుమ్మరులు ఈ లోపమును దీర్చిరి. వారి యావములు కొండవాలున పాకిన పాములవలె పొడుగుగా నుండుటచే వానిని నాగావములని పిలుతురు. క్రింద నంటించిన మంట, పొగగొట్టములో బ్రాకినట్లు పైకి బ్రాకును; ప్రక్క రంధ్రములనుండి గూడ కట్టెలు వేయుదురు. అట్టి యావములో 1300 డిగ్రీల దరిదాపు వేడిమి సాధింపబడెను. గాజుపూత పాత్రయంతటను సమముగా నంటుకొని, పచ్చదనము స్థిరపడెను. నిజమైన సెలడన్ పాత్ర యిచ్చటనే పుట్టినదని పండితులు చెప్పుదురు.

గాజు చక్కబడిన వెంటనే కుమ్మరి చేయి స్వేచ్ఛ గన్నది. మూడవ శతాబ్దపు పాత్రలను జూడగా నాకు జాతర జ్ఞాపకము వచ్చును. గొఱ్ఱెరూపమున దీపస్తంభములు, సింహరూపమున పాత్రలు, సిరా నూఱుకొనుటకు నీరుంచెడి కప్పలు! జాడీల భుజములచుట్టు చిన్న చక్రమును దొరలించి వలవంటి గళ్లపట్టీలను ఒత్తిరి. పైని క్రిందను చిన్న చిన్న సున్నల వరుసలను దిద్దిరి. నడుమ నచ్చులలో దీసిన మృగముఖముల నంటించిరి. అచ్చులో దీసినదానిని పచ్చిపాత్ర కంటించుట సులభమని తలపకుడు. రెండును సమానమైన తడిలో నుండవలెను. ఒకటి యెక్కువ యారినచో నావములో నూడి పడును.

ఇందులో మిక్కిలి విచిత్రమైనవి హున్‌పింగ్ అను సమాధి జాడీలు. వీనిని యాంగ్‌ట్సీ నది దిగువ ప్రాంతమున మృతులతో బాతిపెట్టిరి. జాడి పై సగమున నొక యూరే యుండును. అంతస్తుల మేడలు, ద్వారములు, వాద్యములు వాయించువారు, కుక్కలు, పందులు, మూతులకు ముసురుకొన్న పక్షులు. కొన్నిటిమీద, భారతదేశమునుండి క్రొత్తగా వచ్చిన బుద్ధుని చిన్న విగ్రహములు. ఇవన్నియు వేఱు వేఱుగా జేసి యంటించినవే. చనిపోయినవానికి తోడుగా నెవరెవరు వలయునో తలచుకొని కుమ్మరి యొక్కొక్కరినే చేర్చినట్లుండును. మొదటిసారి యా చిత్రమును జూచినప్పుడు మా తరగతి ప్రదర్శనపు బల్ల నాకు జ్ఞాపకము వచ్చెను: ఏనుగు, మామిడిపండు, గుడిసె, ఒకచోట ఖాళీ.

నాల్గవ శతాబ్దమున రాజ్యము దక్షిణమునకు జరిగినప్పుడు, అలంకారము లొక్కసారిగా తగ్గినవి. గళ్లపట్టీలు పోయి, యొకటి రెండు సన్నని గీతలు మిగిలెను. దానికి బదులుగా నొక చిన్న ఉపాయము వచ్చెను. ఇనుపమన్ను నీటిలో గలిపి, కుంచెతో పాత్ర మూతిచుట్టు చుక్కలు పెట్టిరి. కాలినపిదప నా చుక్కలు పచ్చని గాజులో గోధుమరంగు మచ్చలై చెమ్మగిల్లినట్లు వ్యాపించును. కోడితల చెంబులని కొన్ని గలవు. తొలుత నా కోడితల భుజముమీద నంటించిన బొమ్మ మాత్రమే. నోట రంధ్రము లేదు. తరువాతివారు తలను పొడిగించి లోపల దొలిచి, దానినే కొమ్ముగా జేసిరి. పనినుండి యలంకారము పుట్టుట ముందు చూచితిమి. ఇచ్చట నలంకారము పనిలోనికి వచ్చినది. అదేకాలమున దెచింగ్ కుమ్మరులు గాజుపూతలో నినుము పాలు హెచ్చించి నల్లని పాత్రలను జేసిరి. పచ్చకును నలుపునకును భేద మినుము కొలతయే.

అయిదవ, ఆఱవ శతాబ్దములలో బౌద్ధమతము చీనాయందంతట వ్యాపించుటతో తామరపూవు పాత్రల మీదికి వచ్చెను. గిన్నె వెలుపల రేకులను కత్తితో జెక్కినచో గిన్నెయే పూవగును. ఉత్తరమున జింగ్‌షియన్‌లో ఫెంగ్ వంశపువారి సమాధులనుండి 1948వ సంవత్సరమున బయల్పడిన తామర జాడీలు మూరెడుకంటె నెక్కువ యెత్తు గలవి. వాని మెడనుండి పాదమువఱకు రేకులు వరుసలు వరుసలుగా, కొన్ని క్రిందికి వ్రాలి, కొన్ని పైకి లేచి యుండును. చెక్కుట, ఒత్తుట, అంటించుట యను మూడు పనులును వానిలో నొక్కచోట జేరినవి. రేకుల కొనలయందు నిలిచిన గాజు వానచినుకువలె దట్టమైయుండును.

కుంచెపని మాత్రము టాంగ్ రాజుల కాలమున (618 - 907) హునాన్‌లోని చాంగ్‌షా కుమ్మరులచేత వర్ధిల్లినది. వారు సామాన్యులకై గిన్నెలను వేలకొలది చేసిరి. గిన్నె మూతిని నాలుగువైపుల గోధుమరంగులో ముంచి, నడుమ మిగిలిన చోట పక్షినో, చేపనో, మేఘమునో, పూవునో నాలుగైదు గీతలలో వ్రాసిరి. ఇనుముతో గోధుమరంగు, రాగితో పచ్చ. కొన్ని చెంబులమీద పద్యములును వ్రాసిరి. ఈ గిన్నెలు దేశదేశముల కేగెనని వినియుంటిమి గాని, యెంత పెద్ద యెత్తున నేగెనో 1998లో దెలిసినది. ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవికడ సముద్రగర్భమున నొక యోడ దొరకెను. దాని పలకలు మేకులతో గాక త్రాళ్లతో కుట్టబడినవి; అరబ్బు దేశముల నౌకల పద్ధతి యది. అందు సుమారు అఱువదివేల పాత్ర లుండగా, వానిలో నధికభాగము చాంగ్‌షా గిన్నెలే. ఒక గిన్నెమీద 826వ సంవత్సరమునకు సరియైన తేదీ గీయబడియున్నది. అఱువదివేలలో నొక్కటి తేదీ చెప్పగా, తక్కిన యోడ యంతయు దాని మాటను బట్టి చరిత్రలో చోటు సంపాదించుకొన్నది. ఆ గిన్నెమీద గీసిన చేయి తన గీతకు నింత విలువ గలదని యెఱిగి యుండునా?

దాదాపు నా కాలముననే, మఱియొక దిక్కున, అలంకారము లేకపోవుటయే గొప్ప యలంకారమైనది. తేనీటిని గూర్చి గ్రంథము వ్రాసిన లూ యూ యను నెనిమిదవ శతాబ్దపు పండితుడు, యుయే కుమ్మరుల పచ్చగిన్నెలనే మేలైనవని యెన్నెను. వానిలో శ్రేష్ఠమైనదానిని రహస్యవర్ణమని పిలిచి రాజమందిరములకు బంపెడివారు. అది యెట్టిదో చిరకాలము నిశ్చయముగా నెవరికిని దెలియదయ్యెను. 1987లో ఫామెన్ ఆలయపు నేలమాళిగను దెఱచిరి. అది 874లో మూయబడినది. అందు శిలమీద చెక్కిన వస్తువుల పట్టికలో రహస్యవర్ణపు పాత్రలు పదమూడని యుండెను. ప్రక్కననే యా పాత్రలు నుండెను. వానిలో పెక్కింటిమీద బొమ్మ లేదు, వ్రాత లేదు. చాలవఱకు రూపమును, తేటనీటివంటి పచ్చయు మాత్రమే. అట్టివానిని పాత్ర చేయు మట్టితోనే చేసిన పెట్టెలలో నుంచి, పెట్టె యతుకును గూడ గాజుపూతతో మూసి కాల్చెడివారు. తీయవలెనన్న పెట్టెను పగులగొట్టవలసినదే.

ఇచ్చట మీలో తెలివిగలవా రొక సందేహము చెప్పవచ్చును: రాజులు మెచ్చిన పాత్ర నున్ననిదే గదా, మాష్టారు కుండను నునుపు చేయుటలో తప్పేమి? నేనును కొంతకాల మట్లు నన్ను సమర్థించుకొన జూచితిని. కాని యది నిలువదు. ఫామెన్ గిన్నె నునుపు దానిని జేసిన చేయి కోరుకొన్న నునుపు. చాప గీతల జాడికి గీత లెట్లో, ఆ గిన్నెకు నునుపట్లు. నేను జేసిన నునుపు కుఱ్ఱవాని కుండకు జేయి చేసినది గాదు, గుడ్డ చేసినది. అలంకారమున కెక్కువ తక్కువలు లేవు. ఎవరిచేతి గుఱుతు నెవరు తుడిచిరన్నదే ప్రశ్న.

చీనా పాత్రలకు మన తీరముతో సంబంధము లేకపోలేదు. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవున శాసనము వేయించి, దూరదేశపు వర్తకులకు అభయ మిచ్చెను. నెల్లూరికి దక్షిణముననున్న కొత్తపట్నపు తీరమున చీనా పాత్రల పెంకులు బయల్పడినవి. అవి నేను వర్ణించినవానికంటె తరువాతి కాలపువి. అయినను వాని పచ్చదన మా షాంగ్‌యూ కొండవాలున పుట్టినదే. మన తాతముత్తాతలలో నెవరో యొకరు రేవులో నట్టి గిన్నెను చేత బట్టుకొని, ఈ రంగు పూసినదా, మట్టిలోనిదా యని యడిగియుందురు.

ఇక నా కథ ముగింపు. గత జూన్ మాసమున నొకడు తన కుమార్తెను ఆఱవ తరగతిలో చేర్పింప మన బడికి వచ్చెను. ఆటో నడుపుకొని జీవించుచున్నాడు. "నన్ను గుర్తుపట్టారా మాష్టారూ?" యని యడిగెను. నే నెన్నటికిని మఱవని ముఖ మది. కాగితములు పూర్తియైన తరువాత వాని నొక ప్రక్కకు బిలిచి, నీవు చేసిన కుండ జ్ఞాపకమున్నదా యని యడిగితిని.

"ఎందుకు లేదండీ, మీరు తుడిచేశారు గదండీ," అని వాడు నవ్వెను.

"తప్పు నాదిరా," అంటిని. ఇరువది యేండ్లుగా లోపల దాచిన మాట యింత చిన్నదా యని నాకే సిగ్గు కలిగెను. వాడు నవ్వు మాని కొంతసేపు నేలవంక జూచెను.

"గాడులు లేకపోతే తడిమట్టి చెక్కకి అంటుకుపోద్దండి. అందుకని మా తాత చెక్కుకున్నాడు. ఆ చెక్క యింకా చూరులోనే ఉందండి," అని మాత్రము చెప్పి వెడలెను.

చీనా గ్రంథములలో నేను పదియేండ్లకు దెలిసికొన్న మాటను వాడు గుమ్మమున నిలిచి రెండు వాక్యములలో జెప్పెను. ఆనాడడిగినను చెప్పియుండును.

రెండుదినముల తరువాత నా బాలిక పాతగుడ్డలో చుట్టిన చెక్కనొకదానిని దెచ్చి నా బల్లమీద పెట్టినది. వంటపొగకు నల్లబడి, పిడికడ నరగి, ముఖముమీద నడ్డముగను వాలుగను గాడులు గలిగియుండెను. ఆ వారమున నాఱవ తరగతి పిల్లలందఱును దానితో దమ తమ మట్టిముద్దలను వంతులవారీగా గొట్టిరి. ఒక్కొక్కరి బలమునుబట్టి గీతలు లోతుగనో తేలికగనో పడినవి. ఏ రెండును నొకటిగా లేవు.

"తుడవమంటారా మాష్టారూ?" అని యా బాలిక యడిగినది.

"వద్దమ్మా," అంటిని.

ఆ ముద్దలు మా తరగతి కిటికీలో నారుచున్నవి. ప్రదర్శనము నాడు మీరందఱును, మీ తల్లిదండ్రులును వచ్చి చూడగలరు.